షుగర్ ఉన్నవారికి రెప్ప వాలితే: తప్పు నరంలోనా, మెదడు కాండంలోనా?

పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషికి ఒంట్లో ఏ తేడా వచ్చినా అది 'షుగర్ నరాలు' అనే ఒక్క ఖాతాలోకి పోతుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, రాత్రిళ్లు పిక్కలు లాగడం నిజంగా ఆ ఖాతావే. ఒకనాటి పొద్దున రెప్ప వాలినా, గడప రెండుగా అగుపడినా, తాగిన కాఫీ ముక్కులోంచి వచ్చినా వాటినీ అందులోనే జమ కట్టేయడంతోనే చిక్కొస్తుంది. చిత్తూరు వైపు పల్లెల్లో ఇంకో మాట కూడా సిద్ధంగా ఉంటుంది: 'పైత్యం చేసింది'. నిమ్మకాయ నీళ్లు తాగించి పడుకోబెడతారు. అది పక్షవాతం (స్ట్రోక్) అయితే, అలా పడుకున్న నాలుగైదు గంటల్లోనే వైద్యానికున్న అసలు గడువు దాటిపోతుంది.

షుగర్ నరాల చివర్లనే కాదు, అవి బయల్దేరే చోటునూ కొడుతుంది. ఆ చోటు మెదడు కాండం. పెద్ద మెదడుకీ వెన్నుపాముకీ నడుమ, సుమారు 7 సెంటీమీటర్ల పొడవున, బొటనవేలి లావున ఉంటుంది. పైన మిడ్‌బ్రెయిన్, మధ్యలో పాన్స్, కింద మెడుల్లా. కపాల నాడులు, అంటే మెదడునుంచి నేరుగా వచ్చే నరాలు, పన్నెండు జతలుంటే మొదటి రెండు తప్ప మిగిలినవన్నీ దీనికి చెందినవే. పదకొండోది మాత్రం చాలావరకు మెడ దగ్గరి వెన్నుపాములో పుడుతుంది. కళ్లు కదలడం, ముఖం కదలడం, మింగడం, ఊపిరి, గుండె వేగం, మెలకువగా ఉండటం, అన్నీ ఇక్కడి పనులే. పైనుంచి కాళ్లూచేతులకు దిగే దారులు, ఒంటినుంచి స్పర్శను మోసుకెళ్లే దారులు కూడా ఇందులోంచే పోవాలి. పెద్ద మెదడులో కందిగింజంత మచ్చ పడితే మనిషికి తెలియకుండానే పోవచ్చు. ఇక్కడ అంతే మచ్చ పడితే ఒక కన్ను పక్కకు తిరగడం మానేస్తుంది.

తూము పూడటం, కాలువ పూడటం

కాండానికి రక్తం ఎలా అందుతుందో చూస్తే షుగర్ ఇక్కడ ఎలా కాచుకుంటుందో తెలుస్తుంది. మెడ వెనకగా ఎక్కే రెండు వెర్టెబ్రల్ ధమనులు పాన్స్ కింది అంచు దగ్గర కలిసి బేసిలర్ ధమని అవుతాయి. ఆ ఒక్క ధమని పాన్స్ ముందు గోడను ఆనుకుని పైకి పోతూ, లోపలికి మిల్లీమీటరు వెడల్పు కూడా లేని సన్నటి కొమ్మల్ని పంపుతుంది. వీటి చివరలు ఒకదానితో ఒకటి కలవవు. అంటే ఒకటి మూసుకుంటే పక్కనున్నది ఆదుకునే వీలు దాదాపు లేదు.

చెరువుల కింద సేద్యం చేసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. పిల్లకాలువకు నీళ్లు రాకపోవడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, కాలువ పొడవునా గట్లు లోపలికి పెరిగి సన్నబడటం. ఏళ్ల తరబడి షుగరూ బీపీ కలిసి సన్నటి కొమ్మల గోడల్ని ఇలాగే మందం చేస్తాయి. దాంతో 15 మిల్లీమీటర్ల లోపు చిన్న గుంటలు పడతాయి. వాటిని లాక్యూన్ అంటారు. రెండోది, కాలువ బాగానే ఉన్నా తూము నోటి దగ్గరే పూడిక చేరడం. బేసిలర్ గోడలో పేరుకున్న కొవ్వు గడ్డ, సరిగ్గా కొమ్మ మొదలయ్యే చోట అడ్డం పడుతుంది. అప్పుడు ఆ కొమ్మ పారించే మడి అంతా ఎండుతుంది, మచ్చ పాన్స్ ముందు అంచు దాకా సాగుతుంది. కొమ్మలు నడిగీత దాటి అవతలికి పోవు గనక ఎంఆర్ఐలో ఆ మచ్చ మధ్యలో గీత గీసి కోసినట్టు ఆగిపోతుంది. పాన్స్‌లో విడిగా వచ్చే ఇలాంటి స్ట్రోకులకూ షుగరుకూ ఉన్న బంధం చాలాకాలంగా తెలిసిందే.

ఈ రెండో రకంతో ఒక పేచీ ఉంది. ఇది ఒక్క దెబ్బతో ఆగదు. మొదటి రోజు చెయ్యి కాస్త బరువుగా ఉంటుంది, మాట కొంచెం ముద్దగా వస్తుంది. రెండో రోజుకు కాలు ఈడ్చడం మొదలవుతుంది. మూడో రోజుకు చెయ్యి లేవదు. 'ఆసుపత్రిలో చేర్చాకే ఎక్కువైంది, వాళ్లేదో సూది వేశారు' అని బంధువులు తగవుకు దిగేది ఇక్కడే. పూడిక తూము నోటిని మెల్లగా మూసేయడం వల్ల జరిగేది అది. అందుకే 'చిన్న స్ట్రోకే, ఇంటికి తీసుకుపోతాం' అని మొదటి మూడు రోజుల్లో బయల్దేరడం మంచిది కాదు.

ముఖం ఒకవైపు, చెయ్యీకాలూ రెండోవైపు

నరం చెడిందా, కాండం చెడిందా అన్నది చాలావరకు పక్కన ఇంకేం ఉందో చూసి తేలుతుంది. నరం చెడితే ఆ నరం పని ఒక్కటే పోతుంది. కాండంలో అన్నీ ఇరుగ్గా పక్కపక్కనే ఉంటాయి, అందువల్ల ఒకటి పోతే దాని పొరుగుది కూడా పోతుంది. ఇంకో సంగతి, కాళ్లూచేతులకు దిగే దారి మెడుల్లా అడుగున అటుదిటు మారుతుంది. దానికి పైన దెబ్బ తగిలితే కపాల నాడి దెబ్బ తగిలిన వైపే పోతుంది, చెయ్యీకాలూ ఎదుటివైపు పడతాయి. ఎడమ రెప్ప వాలి కుడి చెయ్యి కుడి కాలు పడితే తప్పు ఎడమ మిడ్‌బ్రెయిన్‌లో. కుడి కన్ను బయటికి తిరగక, కుడివైపు మూతి పోయి, ఎడమ చెయ్యీకాలూ పడితే కుడి పాన్స్‌లో. పెద్ద మెదడు స్ట్రోకులో మూతి, చెయ్యి, కాలు సాధారణంగా ఒకే వైపు పోతాయి. ఈ అడ్డదిడ్డపు లెక్కే కాండానికి గుర్తు.

మెడుల్లా పక్కభాగం దెబ్బతింటే వచ్చే చిత్రం ఇంకా విడ్డూరం. 1895లో అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ వివరించినందున ఆయన పేరే దానికి నిలిచింది. ఇందులో చెయ్యీకాలూ పడిపోవు, అందుకే చాలామంది దీన్ని పక్షవాతం అనుకోరు. విపరీతంగా తల తిరుగుతుంది, వాంతులవుతాయి, మనిషి ఒకే వైపు ఒరిగిపోతాడు, గొంతు బొంగురుపోతుంది, గుటక పడదు, ఎక్కిళ్లు రోజుల తరబడి ఆగవు. ముఖంలో ఒక సగానికి, ఒంట్లో ఎదుటి సగానికి వేడి, నొప్పి తెలియవు.

షుగర్ ఉన్నవారిని తికమకపెట్టేది ఈ స్పర్శ విషయమే. వాళ్లకు అరికాళ్లలో వేడి తెలియకపోవడం ముందే ఉంటుంది గదా. తేడా ఆకారంలో ఉంది. షుగర్ నరాల దెబ్బ మేజోళ్లు తొడిగినట్టు రెండు కాళ్లకూ సమానంగా, వేళ్లనుంచి పైకి పాకుతుంది, నెలలూ ఏళ్లూ పడుతుంది. కాండపు దెబ్బ ఒకవైపే, గంటల్లో వస్తుంది. నీళ్లు పోసుకునేటప్పుడు చెంబెడు వేణ్నీళ్లు కుడి భుజం మీద పోస్తే సుర్రుమని, ఎడమ భుజం మీద పోస్తే చన్నీళ్లలా ఉంటే అది మేజోళ్ల లెక్కలోది కాదు.

రెప్ప వాలిన కంటిని చూసే పద్ధతి

వాలిన రెప్ప రెండుగా కనిపించడాన్ని దాచేస్తుంది, ఎందుకంటే ఆ కన్ను మూసుకునే ఉంటుంది. వేలితో రెప్ప పైకెత్తి పట్టుకుని అడగాలి. ఎదురుగా ఉన్న గోడ గడియారం రెండుగా కనిపిస్తే, ఇప్పుడు ఏదో ఒక కన్ను మూయాలి. మూయగానే ఒకటైపోతే రెండు కళ్ల పొందిక చెడినట్టు, అంటే కంటి కండరాల నరాలు చూడాలి. ఒక కన్ను మూసినా రెండుగానే ఉంటే అది శుక్లం వంటి కంటి లోపలి సమస్య, మెదడుతో పనిలేదు. షుగర్ బాగా పెరిగి తగ్గే రోజుల్లో కంటి కటకం ఉబ్బి చూపు మసకబారడం వేరే సంగతి, అందులో బొమ్మ రెండుగా విడిపోదు.

తరువాత గది వెలుతురు తగ్గించి, టార్చి వేసి రెండు కనుపాపల్నీ పోల్చాలి. రెప్పనెత్తి కంటిని తిప్పే మూడో కపాల నాడిలో కనుపాపను ముడిచే పోగులు పైపొరలో ఉంటాయి, కంటిని తిప్పే పోగులు లోపల ఉంటాయి. షుగర్ వల్ల నరానికి రక్తం తగ్గితే దెబ్బ లోపలి పోగులకే ఎక్కువ. అందుకే రెప్ప పూర్తిగా వాలి, కన్ను బయటికి కిందికి తిరిగిపోయినా కనుపాప మామూలుగానే ఉండటం షుగర్ మార్కు మూడో నాడి దెబ్బ. కొందరిలో మిల్లీమీటరు తేడా ఉండొచ్చు. అలా కాక కనుపాప విప్పారి, వెలుతురుకు ముడుచుకోకపోతే బయటినుంచి ఏదో నొక్కుతోందన్నమాట. మెదడు రక్తనాళపు బుడగ అయ్యుండొచ్చు, అది పగలొచ్చు. ఆ రోజే సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాల స్కాన్) కావాలి. కనుబొమ మీద నొప్పి రెండింటిలోనూ ఉంటుంది గనక నొప్పిని బట్టి తీర్పు చెప్పకూడదు.

కనుపాప మామూలుగా ఉండి, రెప్ప ఒక్కటే వాలిన షుగర్ మనిషిలో కూడా ఎప్పుడైనా కాండం బయటపడుతుంది. మూడో నాడి మిడ్‌బ్రెయిన్ లోపల కొంత దూరం ప్రయాణించాకే బయటికొస్తుంది. ఆ లోపలి దారిలో మినపగింజంత మచ్చ పడ్డా బయటికి కనిపించే బొమ్మ అదే. 'ఇది నరమే, ఎంఆర్ఐ దండగ' అని తేల్చేసేముందు ఎదుటి చెయ్యి వణుకుతోందా, ముక్కు మీద వేలు పెట్టమంటే గురి తప్పుతోందా, నడక తూలుతోందా చూడాల్సిందే. నరంలో దెబ్బైతే రెండు మూడు నెలల్లో చాలామందికి తిరిగొస్తుంది. ఆ లోపు రెండుగా కనిపించకుండా కంటికి గంత కడితే చాలు. మూడు నెలలు దాటినా కదలిక రాకపోతే పరీక్ష మొదటినుంచి మళ్లీ చేయాలి.

మూతి వంకరపోవడంలో ఇంకో మెలిక. నుదురు ముడతపడి, మూతి మాత్రమే పోతే మెదడు పైభాగం. నుదురు, కన్ను, మూతి మూడూ ఒకవైపు పోతే నరం అని చెబుతారు. సగం నిజం. ముఖాన్ని కదిపే ఏడో నాడి పుట్టేది పాన్స్‌లో, అక్కడ మచ్చ పడినా మూడూ పోతాయి. ఏడో నాడి పోగులు పాన్స్‌లో, కంటిని పక్కకు తిప్పే ఆరో నాడి కేంద్రాన్ని చుట్టి వస్తాయి. అందుకని మూతి వంకరపోయిన మనిషిని తల కదపకుండా కళ్లు మాత్రం ఆ పక్కకు తిప్పమనాలి. తిరగకపోతే అది మామూలు బెల్స్ పాల్సీ (ముఖపు నరం ఒక్కటే చెడటం) కాదు. బెల్స్ అయితే 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు, దాంతో షుగర్ ఎగబాకుతుంది, రోజుకు నాలుగుసార్లు చూసుకుని మందు సర్దుకోవాలి. షుగర్ పెరుగుతుందన్న భయంతో ఆ మందే ఎగ్గొట్టడం వల్ల మూతి అలాగే నిలిచిపోయినవాళ్లూ ఉంటారు.

తల తిప్పడం: నాలుగు రకాలు

షుగర్ ఉన్నవాళ్లు 'తల తిప్పతా ఉంది' అంటే దాని వెనక నాలుగైనా ఉండొచ్చు. మంచం మీద పక్కకు తిరిగినప్పుడే వచ్చి నిమిషంలోపు ఆగేది చెవి లోపలి రాళ్లది, ప్రాణభయం లేదు. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మేది బీపీ పడిపోవడం వల్ల. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూస్తే పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గుతుంది. షుగర్ గుండె, రక్తనాళాల నరాలను కొట్టడం వల్ల వచ్చేదది. చెమటలు, వణుకు, ఆకలి, అయోమయంతో వచ్చేది షుగర్ పడిపోవడం. ఇవేవీ కాకుండా గంటల తరబడి తెరిపివ్వకుండా తిరుగుతూ, మనిషి ఆసరా లేకుండా మంచం అంచున కూర్చోలేకపోతే అనుమానం కాండం మీదికి, చిన్నమెదడు మీదికి పోవాలి. చెవి జబ్బులో మనిషి తూలతాడు గానీ సాధారణంగా కూర్చోగలడు.

డాక్టర్లు ఇక్కడ మూడు పరీక్షలు చేస్తారు. తలను ఒక్కసారి పక్కకు విసురుగా తిప్పి చూపు నిలుస్తోందా చూడటం, కంటిగుడ్డు ఏ దిక్కుకు కొట్టుకుంటోందో చూడటం, ఒక్కో కన్ను మూసి తెరిచినప్పుడు గుడ్డు పైకీ కిందికీ జరుగుతోందా చూడటం. ఇందులో ఒక వింత ఉంది. ఎడతెగని తల తిరుగుడులో మొదటి పరీక్ష 'మామూలుగా ఉంది' అని తేలితేనే భయపడాలి, ఎందుకంటే చెవి నరం బాగానే ఉన్నట్టు, తప్పు ఇంకా లోపల ఉన్నట్టు. పక్కకు చూసినప్పుడు గుడ్డు కొట్టుకునే దిక్కు మారినా, పైకీ కిందికీ జరిగినా అదే అర్థం. చేయి తిరిగిన చేతుల్లో ఈ మూడూ మొదటి రోజు ఎంఆర్ఐ కంటే నమ్మకంగా పనిచేస్తాయి.

షుగర్ పడిపోవడం గురించి తిరుపతిలో విడిగా చెప్పుకోవాలి. పెరటాసి శనివారాల్లో ఒక్కపొద్దు ఉండేవాళ్లు, అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కేవాళ్లు పొద్దున గ్లిమిపిరైడ్ మాత్రో ఇన్సులినో మామూలు డోసులోనే వేసుకుంటారు. తిండి లేదు, కాళ్లకు పని ఎక్కువ, మందు పని ఆగదు. మధ్యాహ్నానికి మాట తడబడి, ఒక చెయ్యి వాలి, చూపు చెదిరి అచ్చం స్ట్రోకులా కనిపిస్తారు. గ్లూకోమీటరు సూది గుచ్చితే అర నిమిషంలో సంగతి తేలుతుంది. 70 కంటే తక్కువుండి మెలకువగా, మింగగలిగేలా ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. చేతిలో లడ్డూ ఉంటే ఏమీ లేనిదానికన్నా మేలే గానీ, నెయ్యి వల్ల అందులోని చక్కెర నిదానంగా ఎక్కుతుంది, చక్కెర నీళ్లే ముందు. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు. ఆసుపత్రిలో 25 శాతం డెక్స్ట్రోజు (గ్లూకోజు) రక్తనాళంలోకి ఎక్కిస్తారు. మాత్ర వల్ల షుగర్ పడిపోయినవాళ్లను, అందులోనూ కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లను, లేచి కూర్చున్నాక కూడా ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి, షుగర్ మళ్లీ జారుతుంది. షుగర్ సరిపెట్టాక కూడా రెప్ప వాలే ఉంటే, చెయ్యి లేవకపోతే అప్పుడది స్ట్రోకే అనుకుని కదలాలి.

ఆసుపత్రి గుమ్మం దగ్గర

చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్ల దారి, కుప్పం నుంచైతే అంతకు రెట్టింపుకు మించి. స్ట్రోక్ గడ్డ కరిగించే సూదికి గడువు నాలుగున్నర గంటలు. ఆ గడువును లక్షణం కనిపించిన వేళ నుంచి కాక, మనిషి చివరిసారి బాగా ఉన్న వేళ నుంచి లెక్కిస్తారు. పొద్దున ఐదింటికి లేవగానే మూతి వంకరగా ఉంటే, రాత్రి పదింటికి మాట్లాడి పడుకున్న వేళే లెక్క. అందుకని 108కు ఫోను చేసినవాళ్లు ఆ గడియారపు వేళను కాగితం మీద రాసుకోవాలి. వాడే మాత్రల అట్టలు, చివరి ఇన్సులిన్ వేళ, రక్తం పలచబడే మందులేమైనా ఉంటే వాటి సంగతి కూడా. ఇంటి దగ్గర యాస్పిరిన్ వేయకూడదు. అది రక్తస్రావమో మూసుకుపోవడమో సీటీ తీసేదాకా ఎవరూ చెప్పలేరు, పైగా గుటకే పడని మనిషికి మాత్ర ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బీపీ 200 ఉందని నాలుక కింద మందు పెట్టి దబాలున దించడం మరీ చేటు. మూసుకుపోతున్న నాళంలోకి కాస్తో కూస్తో రక్తం తోస్తున్నది ఆ పెరిగిన బీపీయే.

సూది వేసేముందు రక్తపరీక్షల్లో తప్పనిసరిగా చూడాల్సింది షుగర్ ఒక్కటే, మిగిలినవాటి కోసం ఆగరు (రక్తం పలచబడే మందు వాడుతుంటే తప్ప). బీపీ 185/110 లోపు ఉండాలి. ఆ సూదిమందు ఆల్టెప్లేస్ డోసు కిలోకు 0.9 మిల్లీగ్రాములు, 90కి మించదు. 60 కిలోల మనిషికి 54 మిల్లీగ్రాములు, అందులో 5.4 ఒక్కసారిగా, మిగతాది గంటసేపు. బేసిలర్ ధమనే పూర్తిగా మూసుకుపోతే సూదితో సరిపోదు, తొడ దగ్గరనుంచి తీగ పంపి గడ్డ లాగేయాలి. దీనివల్ల మేలు ఉందని 2022లో వెలువడిన రెండు చైనా పరీక్షలు తేల్చాయి, ఎంచిన రోగుల్లో 24 గంటల దాకా వీలుంది. ఆ పని చేయించుకోని బేసిలర్ మూసివేతలో చాలామంది పోతారు, లేదా కళ్లు పైకీ కిందికీ తప్ప ఒంట్లో ఏదీ కదలని, అన్నీ తెలుస్తూనే ఉండే స్థితిలో మిగులుతారు.

మొదటి సీటీ 'నార్మల్' అని వస్తే ఊరట పొందకూడదు. పుర్రె వెనక అడుగున ఎముకలు మందంగా ఉండి నీడలు పడతాయి, అక్కడి చిన్న మచ్చ సీటీకి దొరకదు. సీటీ పని రక్తస్రావం లేదని చెప్పడం. కొత్త దెబ్బను పట్టిచూపే డిఫ్యూజన్ ఎంఆర్ఐ చాలా మెరుగు, అదీ మొదటి ఒకటి రెండు రోజుల్లో కాండపు మచ్చను పట్టుకోలేకపోవచ్చు. లక్షణాలు బలంగా ఉంటే రెండో మూడో రోజున మళ్లీ తీయించాలి. మరోపక్క, ఎంఆర్ఐ కాగితంలో 'పాన్స్‌లో పాత రక్తలేమి మార్పులు' అని చదివి హడలిపోయేవాళ్లున్నారు. షుగరూ బీపీ ఉన్న పెద్దవయసువారిలో అది మామూలే. డిఫ్యూజన్‌లో తెల్లగా, దాని జోడు ఏడీసీ బొమ్మలో నల్లగా ఉన్నదే కొత్త దెబ్బ.

షుగర్ త్వరగా దించితే

కాండానికి రక్తనాళాలతో పనిలేని దెబ్బ ఒకటుంది. సెంట్రల్ పాంటైన్ మైలినోలిసిస్ అంటారు. 1959లో మొదట వర్ణించారు, ఎక్కువగా రక్తంలో సోడియం తగ్గినవారిలో ఆ సోడియాన్ని తొందరపడి పెంచితే పాన్స్ మధ్యలోని నరాల పూత ఊడిపోతుంది. షుగర్ వల్ల రావడం అరుదు, వచ్చేది మాత్రం షుగర్ 600 దాటి ఒంట్లో నీళ్లన్నీ ఇంకిపోయిన పెద్దవాళ్లలో. ఒక లెక్క చూద్దాం. షుగర్ 900, సోడియం 142 అనుకుంటే, రక్తపు ఆస్మోలాలిటీ (అందులో కరిగిన పదార్థాల చిక్కదనం) రెండింతల సోడియం 284కు షుగర్‌ను 18తో భాగించిన 50 కలిపి 334. పైకి సోడియం 142 మామూలుగా కనిపిస్తుంది. షుగర్ 100 దాటిన ప్రతి 100కూ 1.6 కలిపితే అసలు సోడియం 154.8. షుగర్ దిగేకొద్దీ ఆ దాగిన 155 బయటపడుతుంది. దీన్ని చూడకుండా ఇన్సులిన్ జోరుగా ఎక్కించి ఒక్క పూటలో షుగర్ 200కు తెస్తే, నీళ్ల కొరత తీరకముందే లోపలి సమతూకం ఊగిసలాడుతుంది. ముందు సెలైన్, తరువాత ఇన్సులిన్, గంటకు 50 నుంచి 75 వరకే దించడం, 300కు వచ్చాక డెక్స్ట్రోజు కలపడం, నీటి లోటును రోజు రోజున్నర మీద తీర్చడం ఇందుకే. మనిషి తేరుకుని మాట్లాడి, రెండు నుంచి ఆరు రోజుల తరువాత మళ్లీ మాట ముద్దై, గుటక పోయి, నాలుగు అవయవాలూ బిగిస్తే ఇది గుర్తుకు రావాలి. ఎంఆర్ఐలో కనిపించడానికి రెండు వారాలు పట్టొచ్చు.

పిల్లల్లో కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లంగా మారడం) వైద్యం నడుస్తుండగా తలనొప్పి, మగత, నాడి నెమ్మదించడం, బీపీ పెరగడం కనిపిస్తే మెదడు ఉబ్బి కాండాన్ని నొక్కుతోందని అర్థం. స్కాన్ కోసం ఎదురుచూడకుండా మెదడు వాపు తగ్గించే మానిటాల్ మొదలుపెట్టాలి.

సూక్ష్మజీవుల దారి

షుగర్ ఉన్నవారికి కపాల నాడులు ఒకటి తరువాత ఒకటి పోతుంటే, దానికి తోడు జ్వరమో నొప్పో ఉంటే రక్తనాళాల సంగతి పక్కనపెట్టి ఇన్ఫెక్షన్ వెతకాలి. చెవిలో గులిమికి నీళ్లు కొట్టించుకున్న తరువాత రాత్రిళ్లు నిద్రపట్టని చెవిపోటు, చీము, కొన్నాళ్లకు అదే వైపు మూతి వంకర, తరువాత గొంతు బొంగురు: ఇది చెవినుంచి పుర్రె అడుగు ఎముకకు పాకిన సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. ఆరు వారాలకు తక్కువ కాని మందు. దవడ నొప్పి, ముక్కులో నల్ల చెక్కు, కన్ను ఉబ్బి చూపు పోవడం: 2021లో కోవిడ్ వెంట వచ్చి అందరికీ పేరు తెలిసిన బ్లాక్ ఫంగస్. ఆ రోజే ఆపరేషన్ థియేటరు దాకా పోవాల్సిన జబ్బు.

మూడోది తక్కువమందికి తెలుసు. మెలియాయిడోసిస్ క్రిమి వరిమడి బురదలో ఉంటుంది, వానకాలంలో గాయాల గుండా, ఊపిరి గుండా లోపలికి పోతుంది, షుగర్ ఉన్నవాళ్లే దానికి ప్రధాన ఆహారం. మెదడుకు ఎక్కితే కాండం అంటే దానికి ప్రత్యేక ఇష్టం, జ్వరంతో పాటు మూతి వంకర, గుటక పోవడం, చెయ్యీకాలూ పడటం. కల్చర్‌లో పెరిగినా కొన్ని ల్యాబులు దాన్ని 'సూడోమోనాస్ జాతి' అని రాసి వదిలేస్తాయి. నాట్లు వేసే చేతులు, అదుపులేని షుగర్, తగ్గని జ్వరం, ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే ఆ సంగతి ల్యాబుకు నోరు తెరిచి చెప్పాలి. సెఫ్టాజిడైమ్ గానీ మెరొపెనెమ్ గానీ వారాల తరబడి సూదిగా, ఆపైన కోట్రైమాక్సజోల్ నెలల తరబడి మాత్రగా వాడాలి. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

వార్డులో, ఇంట్లో

స్ట్రోక్ వార్డులో షుగర్ 140 నుంచి 180 మధ్య ఉంచితే చాలు. ఇన్సులిన్ గట్టిగా ఎక్కించి 80 నుంచి 130 మధ్య ఉంచి చూసిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి, మేలు కనిపించలేదు, షుగర్ పడిపోవడం మాత్రం పెరిగింది. ఇంతకంటే చేదు నిజం 1998 నాటి బ్రిటన్ షుగర్ అధ్యయనం యూకేపీడీఎస్ ఫలితాల్లో ఉంది. టైప్ 2 షుగర్ ఉన్నవారిలో బీపీని సగటున 154/87కు బదులు 144/82కు తెస్తే స్ట్రోకులు 44 శాతం తగ్గాయి. షుగర్‌ను గట్టిగా అదుపు చేసినందుకు స్ట్రోకుల్లో అంత స్పష్టమైన తగ్గుదల రాలేదు. నెలకోసారి షుగర్ చూపించుకుంటూ, బీపీ ఏడాదిగా చూడని ఇళ్లు ఎన్నో. కొమ్మ నాళాల గోడను మందం చేసే పనిలో బీపీదే పెద్దచెయ్యి.

చిన్న స్ట్రోక్ అయితే రక్తం గడ్డకట్టనివ్వని యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ 21 రోజులు, తరువాత ఒక్కటే జీవితాంతం. ఈ చీటీ రెండు రకాలుగా తప్పిపోతుంది. 22వ రోజున రెండూ ఆపేసేవాళ్లు కొందరు, ఏడాది దాకా రెండూ మింగి కడుపులో రక్తస్రావంతో వచ్చేవాళ్లు కొందరు. స్టాటిన్ మాత్రను కొలెస్ట్రాల్ 'నార్మల్' వచ్చిందని మానేయకూడదు, చెడు కొలెస్ట్రాల్ 70 లోపు ఉండాలి.

మిగిలింది తిండి. కాండపు స్ట్రోకులో ప్రాణం తీసేది చాలాసార్లు మచ్చ కాదు, ఊపిరితిత్తుల్లోకి జారిన గుక్కెడు నీళ్లు. మింగే పరీక్ష చేసేదాకా నీళ్లు, మాత్ర, కొండమీది తీర్థం ఏదీ నోట్లో పోయకూడదు. పెదాలకు తడి అద్దితే చాలు. పరీక్ష చేసేవాళ్లు ముందు చెంచాతో, తరువాత 90 మిల్లీలీటర్ల నీళ్లు ఆపకుండా తాగించి దగ్గు వస్తోందా, గొంతు గరగరలాడుతోందా చూస్తారు. నెగ్గకపోతే ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు. నోటితో తినడం మొదలయ్యాక పలచటి చారు, మజ్జిగ ముందు వద్దు, అవే జారేవి. చిక్కటి రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం నయం. గడ్డం ఛాతీ వైపు వంచి మింగాలి. ఈ ప్రాంతంలో రాగి సంగటి ముద్దను నమలకుండా మింగడం అలవాటు. అది గుటక బలహీనపడిన గొంతులో అడ్డంపడి ఊపిరాడనివ్వదు, స్పీచ్ థెరపిస్టు సరేననేదాకా సంగటి మానాలి.

ట్యూబు ద్వారా తిండి పోతున్నవారికి ఇన్సులిన్ వేళ తిండి వేళతో కట్టుబడి ఉంటుంది. రాత్రి ట్యూబు ఊడిపోయి, మళ్లీ వేసేవాళ్లు పొద్దున దొరుకుతారనుకుని, అలవాటు ప్రకారం ఇన్సులిన్ మాత్రం వేసేసిన ఇళ్లలో తెల్లారేసరికి షుగర్ 40కి చేరుతుంది. మాట రాని మనిషి గనక ఆకలి, చెమట, వణుకు చెప్పలేడు. ట్యూబు ఊడిన పూట ఇన్సులిన్ వేసేముందు ఆసుపత్రికి ఫోను చేసి డోసు అడగాలి, రెండు గంటలకోసారి వేలు గుచ్చి చూడాలి.